అతుకు ఆరని విమానం

హౌజ్ ఖాస్ మెట్రో స్టేషన్లో నా బ్యాగు స్కానింగ్ మెషీన్‌లోకి వెళ్లింది గానీ బయటికి రాలేదు.

సెక్యూరిటీ ఆయన బెల్టు ఆపేసి, తెర మీద వేలు పెట్టి, "యే క్యా హై భయ్యా? చాకూ?" అన్నాడు.

చాకు అనేంత సీను దానికి లేదు. నా చిటికెనవేలంత బ్లేడు, ప్లాస్టిక్ ముక్కలు కోసుకోవడానికి. దాని పక్కన చిన్న కటింగ్ ప్లేరు, రెండు సీసాల జిగురు, గరుకు కాగితం చుట్ట. ఎక్స్‌రేలో చూస్తే మాత్రం నా మీద నాకే అనుమానం వచ్చేలా ఉన్నాయి.

"మోడల్ బనాతా హూఁ సర్. ప్లాస్టిక్ కా జహాజ్. ఖిలౌనా."

బొమ్మ అనేసరికి ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఉమర్ క్యా హై ఆప్‌కీ?" అన్నాడు.

నా వయసు ఇరవై తొమ్మిది. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఆగిపోయిన బెల్టు మీద, నా బ్యాగు వెనక, ఒక నీలం హ్యాండ్‌బ్యాగు ఇరుక్కుపోయింది. దాని యజమానురాలు ఆడవాళ్ల తనిఖీ ముగించుకుని అవతల నిలబడి వాచీ చూసుకుంటోంది. పొడుగాటి జడ, మెడలో ఆసుపత్రి ఐడీ కార్డు.

"ఎవడో గానీ పొద్దున్నే నా డ్యూటీకి ఎసరు పెట్టాడు. మొహం చూస్తే చిన్నపిల్లాడిలా ఉంది, సంచీ చూస్తే అన్నీ కత్తులు," అంది తనలో తాను, కానీ అందరికీ వినపడేలా, చక్కటి గోదావరి తెలుగులో. ఢిల్లీలో తెలుగులో తిట్టేవాళ్లకి ఒక ధీమా ఉంటుంది, చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదని.

"కత్తులు గాదు మేడమ్. ఒక్కటే కత్తి. అది గూడ మొద్దుది," అన్నాను.

ఆమె మొహం ముందు తెల్లబోయింది, ఆ తరవాత ఎర్రబడింది. సారీ చెప్పాలో వద్దో తేల్చుకోలేక, "అయితే తొందరగా తెమల్చండి మరి," అంది.

సెక్యూరిటీ ఆయన నా చేతిలో ఉన్న అట్టపెట్టె కూడా విప్పమన్నాడు. పెట్టె మీద బొమ్మ ఉంది. నీలం సముద్రం, దాని మీద రెండు ఇంజన్ల తెల్ల విమానం, విమానానికి చక్రాల బదులు పడవ పొట్ట. ఆమె బ్యాగు అప్పటికే బయటికి వచ్చేసింది. తీసుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

"ఇది నీళ్ల మీద దిగే విమానమా?"

"అవును. కాటలీనా అంటరు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది."

"మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ చెరువులో దిగేవి, ఇవేనా?"

నేను తెల్లబోయాను. ఢిల్లీలో నాలుగేళ్లుగా ఉంటున్నాను, ఈ మాట అడిగిన మనిషి నాకు తగల్లేదు.

"మీకెట్ల తెలుసు?"

"మా తాతయ్య రోజూ చెప్తాడు. నేను ఇన్నాళ్లూ కల్పించి చెప్తున్నాడనుకున్నాను," అని ఫోన్ తీసింది. "మీ నంబరు చెప్పండి. తొందరగా. ఇప్పటికే మీ పుణ్యాన పదిహేను నిమిషాలు లేటు."

నా బ్లేడుని సెక్యూరిటీ వాళ్ల డబ్బాలో వదిలేసి, నంబరు ఇచ్చి, రైలెక్కాను. ఆఫీసులో ఆ రోజు ఏం పని చేశానో నాకు తెలియదు.

ఆమె పేరు అనుగ్రహ. వసంత్ కుంజ్‌లో తల్లి, తాతయ్యలతో ఉంటుంది, సిటీలో ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. తల్లి ఆనందకుమారి గారు కూడా నర్సుగా చేసి రిటైరయ్యారు. తాతయ్య పేరు జక్కయ్య, తొంభై ఒక్క ఏళ్లు. నీటికాసుల జబ్బుతో ఐదేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. ఇదంతా ఆ సాయంత్రం ఫోన్లో చెప్పి, చివర్లో అసలు సంగతి అడిగింది.

"మీరు ఆ విమానం కట్టేది మా ఇంట్లో కట్టకూడదా అండీ? తాతయ్య ముట్టుకుని చూస్తాడు."

ఇంట్లో కట్టడం కుదరదు, బేర్ సరాయ్‌లో నా గదిలోనే జిగురూ సరంజామా అంతా ఉంది. కానీ ప్రతి ఆదివారం, అప్పటిదాకా అయినంత మేర పట్టుకొచ్చి చూపిస్తానన్నాను. అలా అన్నప్పుడు నా ఉద్దేశం పూర్తిగా మంచిదే. చెడిపోయింది తరవాత.

మొదటి ఆదివారం చర్చి అయ్యాక పెట్టె పట్టుకుని వెళ్లాను. "వందనాలండి," అని గుమ్మంలో నిలబడితే, ఆనందకుమారి గారు లోపలికి రమ్మని, నా యాస విని, "మెదక్ అబ్బాయివా బాబూ?" అని కుర్చీ వేశారు.

జక్కయ్య గారు ముందు పెట్టె మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మావాళ్లలో కొత్త సైకిలు కొన్నా ప్రార్థన చేస్తారు. కానీ ప్లాస్టిక్ కిట్టు మీద ఇంత పెద్ద ప్రార్థన నేను వినలేదు. నన్ను, నా చేతులను, నా జిగురును వరసగా ఆశీర్వదించి, ఈ అబ్బాయి చేసే పనిలో ఏ మోసమూ లేకుండా కాపాడమని దేవుణ్ణి అడిగి, ఆమెన్ అన్నారు. అనుగ్రహ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

"మా నాన్న ఆ చెరువు కాడ తెల్లోళ్ల క్యాంపులో వంట చేసేవాడు అబ్బాయ్," అన్నారు ఆయన. "నాకు పదేళ్లు. ఓ రోజు ఒక సార్జెంటు నన్ను ఎత్తి లోపల కూచోబెట్టాడు. ఇరుపక్కలా గాజు బుడగల్లాంటి కిటికీలు ఉండేవి. అందులో కూచున్నాను. కిందకి చూస్తే నీళ్లు. ఆ తరవాత ఎన్నో చూశాను గానీ, అదంత బాగా ఇంకేదీ గుర్తులేదు."

"ఆ బుడగలు ఈ కిట్టుల గూడ ఉన్నయి తాతా."

"ఉంటాయా? అయితే నాకు ప్రతి ముక్కా అతికించేటప్పుడే ముట్టనివ్వాలి. మూసేశాక లోపలేముందో నాకెలా తెలుస్తుంది? కళ్లున్నవాళ్లకే తెలీదు."

ఆయన చేతులు చూశాను. నలభై ఏళ్లు గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో డ్రెస్సరుగా పనిచేశారట. విరిగిన కాళ్లకీ చేతులకీ పిండికట్లు వేయడం, విప్పడం. కట్టు విప్పాక ఎముక అతుక్కుందో లేదో డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పేలోపు ఈయన వేలు వేసి చెప్పేసేవారని ఆనందకుమారి గారు అన్నారు. "ఆయ్, అప్పట్లో మా ఊళ్లో ఎక్స్‌రే కన్నా మా నాన్ననే ఎక్కువ నమ్మేవారు."

ఆ వారం పైలట్ కుర్చీలు ముట్టుకుని చూశారు. గోరంత ఉన్నాయి. కుడిచేతి వేళ్లతో నెమ్మదిగా తడిమి, "బెల్టులు కూడా అచ్చు పోశారే," అన్నారు సంతోషంగా. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఒళ్లోనే ఉండేది. అప్పుడు నేను దాని గురించి ఆలోచించలేదు.

ఆలోచించే తీరిక నాకెక్కడిది. నా కళ్లు అనుగ్రహ మీద ఉండేవి.

ఆమె టీ తెచ్చేది. తాతయ్య పక్కన నేల మీద కూర్చుని, నా మాటలు నాకే తిప్పి కొట్టేది.

"అయితే గీ ముక్క గక్కడ పెడతారన్నమాట. గంతేనా అండీ?"

"మీకు మా భాష మంచిగనే వస్తుంది."

"పది నిమిషాలు మీ పక్కన కూచుంటే ఎవరికైనా వస్తుంది. అంటుకుంటుంది. జలుబులాగ."

ఒక ఆదివారం మాట్లాడుతుండగానే వాన దిగింది. ఢిల్లీ వాన చెప్పి రాదు, వచ్చాక వదలదు. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయని ఆమె పరుగెత్తింది, సాయానికని నేనూ వెళ్లాను. జక్కయ్య గారి లుంగీలు నాలుగూ నా భుజం మీద పడేసి, తలమీద దుపట్టా కప్పుకుని, క్లిప్పులు ఏరుతూ, "అక్కడ నిలబడి ఏం చూస్తున్నారు? తడుస్తున్నాయి," అంది.

ఏం చూస్తున్నానో చెప్పే ధైర్యం ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. "ఏం లే," అన్నాను.

"గంతేనా?" అంది, నవ్వుతూ.

నాకు ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు దేనికి పనికొస్తాయో అర్థం కావడం మానేసింది. గుర్గావ్‌లో నాది ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగం, రోజంతా లెక్కల పట్టికలు. వాటి మధ్య ఆమె డ్యూటీ రోస్టర్ నాకు కంఠతా వచ్చేసింది. మంగళవారం ఈవినింగ్, గురువారం నైట్. ఇంటికి దారి కాకపోయినా ఆటోని ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచి పోనిమ్మనేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా కనపడలేదు. అయినా ఆ గేటు చూస్తే కొంచెం ఊపిరి ఆడేది. ఇంత దిగజారిపోతానని నేను అనుకోలేదు.

నాలుగో ఆదివారం నాటికి విమానం పొట్ట రెండు సగాలూ కలిపి అతికించేశాను. ఆ సాయంత్రం గదికి తిరిగొచ్చి లెక్క వేసుకున్నాను. ఇక రెక్క, ఇంజన్లు, తోక, బుడగలు. మహా అయితే మూడు ఆదివారాలు. ఆ తరవాత నేను ఆ ఇంటికి వెళ్లడానికి ఏ కారణమూ లేదు. విమానం ఇచ్చేస్తాను, థాంక్స్ అంటారు, ఎప్పుడైనా రండి అంటారు. ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాదని ఢిల్లీలో అందరికీ తెలుసు.

గరుకు కాగితం తీసుకుని, శుభ్రంగా ఉన్న అతుకుని గీకేశాను. దాని మీద సందులు పూడ్చే పుట్టీ పెట్టాను.

"ఈ వారం రెక్క పెడతారనుకున్నానే," అంది అనుగ్రహ ఆ తరవాతి ఆదివారం.

"వాన పడుతుంది గదా. తేమకి పుట్టీ ఆరలే. అతుకు గట్టిపడంది రెక్క కూసోదు."

"ఎప్పటికి ఆరుతుంది?"

"గది వాన చేతిల ఉంది."

పుట్టీ ఒక పూటలో ఆరుతుంది. ఆ సంగతి కిట్టు పెట్టె మీద ఏడు భాషల్లో రాసి ఉంటుంది, అదృష్టవశాత్తూ వాటిలో తెలుగు లేదు. ఆ ఏడాది వానలు కూడా నా పక్షానే ఉన్నాయి. జులై అంతా కురిసింది, ఆగస్టు అంతా కురిసింది. నేను గీకడం, పూయడం, మళ్లీ గీకడం. మధ్యలో ఒక వారం ఇంజను, ఒక వారం పంకా రెక్కలు తీసుకెళ్లి జక్కయ్య గారి చేతిలో పెట్టేవాణ్ణి. ఆయన తడిమి, తలూపి, "బాగుంది అబ్బాయ్," అనేవారు. ఇంకేమీ అనేవారు కాదు.

పదో ఆదివారం ఆయన అన్నారు.

విమానం పొట్ట ఒళ్లో పెట్టుకున్నారు. బొటనవేలు అతుకు మీద ముక్కు నుంచి తోకదాకా పోయింది, వెనక్కి వచ్చింది.

"అబ్బాయ్."

"ఏంది తాతా?"

"ఈ అతుకు పోయిన నెల్లోనే పట్టేసింది కదా. గట్టిగా, ఎముకలాగ పట్టేసింది. ఇంకా ఎందుకు గీకుతున్నావు? నువ్వు గీకీ గీకీ ఇక్కడ పల్చబడిపోయింది చూడు."

టీ గ్లాసులతో అనుగ్రహ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె నా మొహం చూసింది. అబద్ధం చెప్పేవాడి మొహం చూడటానికి నర్సులకు ఎక్కువ సేపు పట్టదు.

గ్లాసులు బల్ల మీద పెట్టి, "నోయల్, ఒకసారి బాల్కనీలోకి రా," అంది.

అప్పటిదాకా ఆమె నన్ను మీరు అనే పిలిచింది. నువ్వు అంటే ఎలా ఉంటుందోనని ఎన్నో రోజులు ఊహించుకున్నాను. ఇలా ఉంటుందని అనుకోలేదు.

"కావాలనే చేశావా?"

"అవును."

"ఎందుకు?"

"అయిపోతే మళ్ల రావడానికి నాకేం లేదు గదా. గందుకే."

కింద పార్కులో ఎవరో కుక్కని పిలుస్తున్నారు.

"తాతయ్యకి ముప్పై ఏళ్లుగా షుగరు," అంది చివరికి. గొంతు పెరగలేదు, అదే భయం వేసింది. "పాదాలు ఎప్పుడో మొద్దుబారాయి. ఎడమ చేతి వేళ్లకి ఏప్రిల్ నుంచి స్పర్శ లేదు. ఇప్పుడు కుడి చేతికి వస్తోంది. చిటికెనవేలు పోయింది, ఉంగరపు వేలు పోతోంది. కళ్లు పోయాక ఆయనకి మిగిలింది ఆ వేళ్లే. నువ్వు పుట్టీ ఆరలేదని కూచున్న ఆరు వారాల్లో ఒక వేలు పోయింది, తెలుసా?"

"నాకెవ్వరు చెప్పలే."

"చెప్పొద్దన్నాడు. చెప్తే జాలిపడి గబగబా అతికించి ఇచ్చేస్తావట. ఒక్కొక్క ముక్కా చూడాలని ఆశ ఆయనకి." ఆమె కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. "మేం నిన్ను నమ్మాం నోయల్. ఇంక రావద్దు."

పొట్టని పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. గుమ్మం దగ్గర ఆనందకుమారి గారు గొడుగు ఇవ్వబోయారు. వద్దని తడుస్తూనే వచ్చాను.

ఆఫీసుకి నాలుగు రోజులు సెలవు పెట్టి రెక్క కూర్చోబెట్టాను, తోక పెట్టాను, ఇంజన్లు బిగించాను. బుడగలకి మామూలు సూపర్ గ్లూ వాడితే ఆ ఆవిరికి గాజులాంటి ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది, అందుకని తెల్ల జిగురుతో ఓపిగ్గా అతికించాను. మూడు నెలల్లో చెయ్యని పని నాలుగు రోజుల్లో అయింది. నా జీవితంలో అంత నాజూకుగా దేన్నీ చెయ్యలేదు. విమానం ఒంటిమీద గీతలు వెంట్రుకంత సన్నం, రేకులు బిగించినట్టుండే రివెట్లు సూదిమొనంత.

అప్పుడు చలికాలం వేసుకునే మందపాటి గ్లౌజులు తొడుక్కుని, కళ్లు మూసుకుని, విమానాన్ని ముట్టుకున్నాను.

ఏమీ తెలియలేదు. నున్నటి సబ్బు ముక్కలా ఉంది. నా నాజూకుతనం అంతా ఆయన వేళ్లకి అందదు.

మర్నాటి నుంచి దాన్ని పాడుచెయ్యడం మొదలుపెట్టాను. గీతల మీద మందపాటి దారం అతికించాను. ప్రతి రివెట్ మీద గట్టి జిగురు చుక్క పెట్టి, ఆరాక దాని మీద ఇంకో చుక్క పెట్టాను. తలుపుల అంచుకి, బుడగల చట్రానికి రాగి తీగ చుట్టాను. ఒక్కో వరస అయ్యాక గ్లౌజులు తొడుక్కుని తడిమి, తెలియకపోతే ఇంకో పొర వేశాను. నా మోడలింగ్ గ్రూపులో రివెట్ అరమిల్లీమీటరు లావైతే వారం రోజులు వాదించుకుంటారు. ఈ విమానం ఫోటో పెడితే నన్ను వెలేస్తారు. ఒళ్లంతా పొక్కులు పోసిన మనిషిలా ఉంది. రంగు వెయ్యలేదు, ఆయనకి రంగుతో పనిలేదు.

ఈ పనికి రెండు వారాలు పైన పట్టింది. ఆ రోజుల్లో ఆమె నుంచి ఒక్క మెసేజ్ లేదు. నేనూ పెట్టలేదు. ఫోన్లో ఆమె పేరు తెరవడం, ఆఖరిసారి ఎప్పుడు ఆన్‌లైన్లో ఉందో చూడటం, మూసెయ్యడం. ఆటోలో ఆ గేటు ముందు నుంచి వెళ్లడం కూడా మానేశాను. రావద్దన్నాక ఆ గేటు చూసే హక్కు కూడా లేదనిపించింది.

పని అయ్యాక ఆనందకుమారి గారికి మెసేజ్ పెట్టాను, విమానం అయింది, ఎవరితో పంపమంటారని. వెంటనే ఫోన్ చేశారు.

"పంపడమేంటి బాబూ? నువ్వే తీసుకురా. నాన్న రోజూ అడుగుతున్నాడు."

"అనుగ్రహ రావద్దన్నది ఆంటీ."

"ఇల్లు నాది," అన్నారావిడ.

ఆమె రావద్దన్నాక మూడో ఆదివారం, రెండడుగుల వెడల్పు రెక్కల విమానాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవర్ అద్దంలో చూసి, జహాజ్‌కి కిరాయి వేరే పడుతుందన్నాడు. నవ్వడానికి నాకు ఓపిక లేదు.

జక్కయ్య గారు మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఆనందకుమారి గారు ఒళ్లో దిండు పెట్టారు, దాని మీద నేను విమానం పెట్టాను. ఆయన కుడి చెయ్యి చాపారు. ఇప్పుడు మూడు వేళ్లే కదులుతున్నాయి, మిగతా రెండూ ఊరికే వెంట వస్తున్నాయి.

"ఇది పడవ పొట్ట. ఆఁ, ఇక్కడ మెట్టు ఉంది. రెక్క పైన స్తంభం మీద నిలబడింది, అంతే, అలాగే ఉండేది." వేళ్లు ఆగాయి. "ఇవేంటి, ఉబ్బెత్తుగా?"

"రివెట్లు తాతా."

"ఇంత లావు రివెట్లు నిజం విమానానికి లేవే."

"లేవు."

ఆయన ఆ చుక్కల మీద ఇంకోసారి వేలు నడిపారు. "నా వేళ్ల సంగతి అమ్మాయి చెప్పిందా?"

"చెప్పింది. నేను జేసింది తప్పు తాతా. మీకు మంచిగ తెలిసే రోజులల్ల నేను ఆడుకుంట కూసున్న."

ఆయన వేళ్లు దారం గీతల వెంట వెనక్కి వెళ్లాయి. రాగి తీగ తగిలింది. తీగ వెంట గుండ్రంగా తిరిగి, మధ్యలో నున్నటి గాజు మీద చూపుడువేలు పెట్టి, అక్కడే ఉంచేశారు.

"ఇక్కడే," అన్నారు. "ఇక్కడే కూచున్నాను."

ఆ వేలు అక్కడి నుంచి చాలాసేపు తియ్యలేదు. నేను తల తిప్పుకున్నాను. అప్పుడు చూశాను, గుమ్మంలో అనుగ్రహ నిలబడి ఉంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నట్టుంది, జుట్టు చెదిరి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"ఆనందా, టబ్బులో నీళ్లు పట్టు," అన్నారు జక్కయ్య గారు ఉన్నట్టుండి.

"ఎందుకు నాన్నా?"

"పడవ కదే. నీళ్లలో పెట్టకుండా ఎలా?"

అది తేలడానికి కట్టింది కాదని చెప్పబోయాను. వినేవాళ్లు లేరు. బట్టలు నానబెట్టే ఎర్ర టబ్బు మంచం పక్కకి వచ్చింది. విమానం ఒక పక్కకి ఒరిగి, ఒక రెక్క చివర నీళ్లకి ఆనించి, తేలింది. ఆయన మోచేతిదాకా నీళ్లలో పెట్టి దాన్ని అటూ ఇటూ తోస్తూ, "ఒరిగిందా? ఒరిగే ఉండేది, నిజందీ ఒరిగే ఉండేది," అని ఒకటే సంబరం. ఆనందకుమారి గారు నేల తుడుస్తూ, నవ్వుతూ, కళ్లొత్తుకుంటున్నారు.

"బాల్కనీలోకి రా," అంది అనుగ్రహ.

వెళ్లాను. కిందటిసారి నిలబడిన చోటే నిలబడ్డాను. వాన లేదు. చాలా రోజులకి ఎండ వచ్చింది.

"ఆ విమానాన్ని అంత అసహ్యంగా తయారుచేశావేంటి?" అంది.

"తాతకి తెలవాలె గదా."

"మీ గ్రూపువాళ్లు చూస్తే?"

"చూడనియ్యి."

ఆమె రెయిలింగు పట్టుకుని కిందకి చూస్తూ మాట్లాడింది. "ఒక సంగతి చెప్తాను, విను. స్టాఫ్ నర్సుకి వరసగా పది ఆదివారాలు సెలవు ఎవరిస్తారనుకున్నావు?"

నేను ఏమీ అనుకోలేదు. రోస్టర్ కంఠతా పట్టినవాణ్ణి, అది ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఒక్కో ఆదివారం కోసం వేరేవాళ్ల నైట్లు రెండేసి చేశాను. అమ్మకి చెప్పలేదు. నిద్ర చాలక ఒకసారి మెట్రోలో చివరి స్టేషన్‌దాకా వెళ్లిపోయాను కూడా." ఇప్పుడు నా వైపు తిరిగింది. "నేనూ ఆ ఆదివారాలు కావాలనుకున్నాను నోయల్. కానీ నా నిద్రలోంచి తీసి పెట్టాను. నువ్వు తాతయ్య వేళ్లలోంచి తీశావు. అందుకే అంత కోపం వచ్చింది. అడిగి ఉంటే, విమానం లేకపోయినా రమ్మనేదాన్ని కదా."

"ఇప్పుడు అడిగితే?"

"అడిగి చూడు."

"వచ్చే ఆదివారం రానా?"

"వద్దు."

నా గుండె జారిపోయింది. అది ఎంతదూరం జారుతుందో చూసి గానీ ఆమె మిగతా మాట చెప్పలేదు.

"వచ్చే ఆదివారం మార్నింగ్ డ్యూటీ. ఆ పై ఆదివారం కూడా. ఇన్నాళ్లు సర్దుకున్నవాళ్లకి నేనూ సర్దాలి కదా. బుధవారం ఆఫ్. బుధవారం రా."

"బుధవారం నాకు ఆఫీసున్నది."

"అచ్ఛా? విమానానికి సెలవు పెట్టగలవు, మనిషికి పెట్టలేవా?"

ఫోన్ తీసి కంపెనీ యాప్‌లో బుధవారం నొక్కాను. ఇంతలో లోపలి నుంచి, నీళ్ల చప్పుడు మధ్య, జక్కయ్య గారి గొంతు వినిపించింది.

"ఆనందా, మెదక్‌లో ఈ అబ్బాయివాళ్ల పాస్టరు గారెవరో కనుక్కో."

"ఆయ్, కనుక్కుంటాను నాన్నా," అన్నారావిడ.

మావాళ్లలో పాస్టరు గారి గురించి అడిగారంటే దాని అర్థం ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సంబంధం కలిపేముందు మొదటి వాకబు అక్కడే చేస్తారు. అనుగ్రహ మొహం తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, అవి దాచుకోలేకపోయింది.

ఫోన్లో సెలవుకి కారణం రాయమని ఖాళీ గడి వచ్చింది. ఎప్పుడూ జ్వరమనో, ఊరి నుంచి చుట్టాలనో రాసేవాణ్ణి. ఈసారి ఒక్క నిమిషం ఆగి, ‘పెళ్లిచూపులు’ అని కొట్టాను.

అనుగ్రహ నా భుజం మీదుగా తొంగి చూసి చదివింది. తీసెయ్యమనలేదు.